కొండ మీది స్కూలు, శరణార్థి పిల్లలు, మా మీటింగులో గొడవ

శరణార్థి కుటుంబాల మాట చర్చిలో ఎత్తగానే అందరూ ముందు చేసే పని పాత బట్టలు మూట కట్టడం. అది తప్పని అనట్లేదు, చలికి స్వెటర్ కావాలి కదా, కానీ ఆ మూట ఇచ్చేశాక మన పని అయిపోయిందని ఒక ఫీలింగ్ వచ్చేస్తుంది చూడండి, నా కంప్లైంట్ దాని మీదే. బట్టలు ఇచ్చినంత తేలిగ్గా క్లాసులో సీటు ఇవ్వం. సీటు అనేసరికి రూల్స్ గుర్తొస్తాయి, సర్టిఫికెట్లు గుర్తొస్తాయి, మిగతా పేరెంట్స్ ఏమంటారో గుర్తొస్తుంది.

మా పిల్లలు చదివేది చర్చి నడిపే స్కూల్లో. అక్కడికి కొన్ని శరణార్థి కుటుంబాలు అడ్మిషన్ కోసం వచ్చాయి. ఏ దేశం నుంచి వచ్చారు, స్కూల్ ఎక్కడ, ఇవేవీ రాయను, ఆ కుటుంబాల కేసులు ఇంకా తేలలేదు, నా రాతల వల్ల వాళ్ళకి ఇబ్బంది రావడం నాకిష్టం లేదు. పేరెంట్స్ కమిటీలో ఉన్నాను కాబట్టి ఈ వ్యవహారం మొత్తం దగ్గర్నుంచి చూశాను, చాలాసార్లు మధ్యలో దూరాను కూడా.

మొదటి మీటింగులోనే ఒకాయన లేచి, మనది స్కూలండీ, రిలీఫ్ క్యాంపు కాదు, సాయం చెయ్యాలంటే చర్చి ద్వారా చేద్దాం, స్కూల్ని ఇందులోకి లాగొద్దు అన్నాడు. మంచి మనిషే, చర్చిలో అందరికంటే ఎక్కువ కానుక వేసేవాళ్ళలో ఒకడు. ఇంకొకరేమో బైబిల్లో మత్తయి సువార్త 25 చదివారు, "పరదేశినై యుంటిని, నన్ను చేర్చుకొంటిరి" అని. వాక్యం చదివాక కాసేపు అందరూ మౌనం, తర్వాత మళ్ళీ ఫీజుల దగ్గరికి వచ్చేశాం. మనందరికీ కంఠతా వచ్చిన వాక్యంతో వచ్చిన చిక్కే ఇది, విని తల ఊపి ముందుకెళ్ళిపోతాం. అప్పుడు నేను ఫ్రాన్స్‌లో ఒక కొండ ఊరి స్కూల్ కథ ఎత్తుకున్నాను, నాకు మాట్లాడే ఛాన్స్ దొరికితే ఆపడం కష్టమని తెలిసినవాళ్ళు అప్పుడే వాచీలు చూసుకున్నారు. అక్కడ సగమే చెప్పనిచ్చారు. మిగతాది ఇక్కడ రాస్తున్నా.

ఆ ఊరి పేరు ల షాంబోన్ సుర్ లిన్యోన్. దక్షిణ ఫ్రాన్స్‌లో ఓట్ లువార్ జిల్లాలో సుమారు వెయ్యి మీటర్ల ఎత్తున్న పీఠభూమి మీద ఉంటుంది, శీతాకాలం మంచు బాగా కురిసే చోటు. ఫ్రాన్స్ అంతా దాదాపు కాథలిక్కులు అయితే ఈ పీఠభూమి మీద మాత్రం హ్యూగెనోలు, అంటే ఫ్రెంచ్ ప్రొటెస్టెంట్లు ఎక్కువ. 1685లో పద్నాలుగో లూయీ రాజు వాళ్ళకున్న మత స్వేచ్ఛ తీసేశాడు, ఆ తర్వాత వంద సంవత్సరాల పాటు వాళ్ళు అడవుల్లో దాక్కుని ఆరాధన చేసుకున్నారు, పాస్టర్లని ఉరి తీశారు, దొరికిన మగవాళ్ళని ఓడల్లో తెడ్లు వెయ్యడానికి పంపారు. ఈ కథలు ఆ ఊళ్ళో పిల్లలకి తాతల నోటి నుంచే తెలుసు. అందుకని ప్రభుత్వం ఎవరినో వేటాడుతోంది అంటే వాళ్ళకి అది కొత్త కథ కాదు.

ఆంద్రే ట్రోక్మే అనే పాస్టర్ 1934లో భార్య మాగ్డాతో, పిల్లలతో ఆ ఊరికి వచ్చాడు. ఊళ్ళో వేసవి టూరిస్టులు తప్ప పెద్ద ఆదాయం లేదు, తెలివైన పిల్లలు పై చదువులకి వేరే ఊరు పోవాల్సిందే. అందుకని 1938లో ఒక సెకండరీ స్కూల్ పెట్టారు, ఎకోల్ నువెల్ సెవెనోల్ అని, తర్వాత కాలంలో అది కాలేజ్ సెవెనోల్ అయింది. ఎడ్వార్ టైస్ అనే ఇంకో పాస్టర్ హెడ్‌మాస్టర్. ఆడపిల్లలు మగపిల్లలు కలిసి చదవాలి, శాంతి గురించి నేర్పాలి, దేశాల మధ్య గోడలు ఉండకూడదు, ఇదీ వాళ్ళ ఐడియా. మొదట్లో ఇరవై మంది స్టూడెంట్స్ కూడా లేరు. బిల్డింగ్ కూడా లేదు, చర్చి గదుల్లో ఒక క్లాసు, హోటల్లో ఒక క్లాసు, పీరియడ్ మారినప్పుడల్లా పిల్లలు మంచులో ఊరంతా పరిగెత్తేవాళ్ళు. మాగ్డా ఇటలీలో పుట్టింది కాబట్టి ఇటాలియన్ చెప్పేది, టైస్ భార్య అమెరికన్ కాబట్టి ఇంగ్లీష్ చెప్పేది. ఎవరికి ఏది వస్తే అది. మా కమిటీలో, కొత్త పిల్లలకి గది ఎక్కడుంది అని అడిగిన ప్రతిసారీ నాకు ఆ మంచులో పరిగెత్తే పిల్లలే గుర్తొస్తారు.

1940 జూన్‌లో ఫ్రాన్స్ జర్మనీకి లొంగిపోయింది. యుద్ధ విరమణ సంతకం 22న అయితే, 23 ఆదివారం, ఆ రోజే ట్రోక్మే, టైస్ ఇద్దరూ చర్చిలో నిలబడి, మన మనస్సాక్షిని బలవంతపెట్టే హింసని ఆత్మ సంబంధమైన ఆయుధాలతో ఎదిరించడం క్రైస్తవుల బాధ్యత అన్న అర్థంలో ప్రకటించారు. మర్నాటికే, ఒక్క రోజు కూడా ఆగకుండా. మనమైతే కమిటీ వేసేవాళ్ళం.

ఆ చలికాలంలో ఒక యూదు స్త్రీ మాగ్డా తలుపు తట్టింది, జర్మనీ నుంచి పారిపోయి వచ్చింది, మంచులో తడిసి ముద్దయింది. మాగ్డా లోపలికి రమ్మంది. తర్వాత కాలంలో ఎవరు ఎన్నిసార్లు అడిగినా ఆవిడ దీన్ని పెద్ద నిర్ణయంలా చెప్పలేదు, వచ్చిన మనిషిని బయట ఎలా నిలబెడతాం అన్నట్టే చెప్పేది. నాకు మాత్రం ఈ కథలో నచ్చేది బూట్ల సంగతి. ఆరబెడదామని పొయ్యిలో పెట్టిన ఆ మనిషి బూట్లు కాలిపోయాయి, యుద్ధకాలం, ప్రతిదీ రేషన్, ఇంకో జత కోసం మాగ్డా ఊళ్ళో తిరగాల్సి వచ్చింది. సాయం అంటే చాలావరకు ఇదే, కాలిపోయిన బూట్ల కోసం తిరగడం. ఆ స్త్రీ కాయితాల కోసం మాగ్డా మేయర్ దగ్గరికి వెళ్తే అక్కడ చీవాట్లు పడ్డాయి, ఊరంతా ఒకే మనసుతో ఉందని చెప్పే కథలు వింటే ఈ ముక్క గుర్తు పెట్టుకోండి.

అప్పటికి ఫ్రాన్స్‌లో గుర్స్, రివ్‌సాల్ట్ లాంటి క్యాంపులు నిండిపోయి ఉన్నాయి. స్పెయిన్ అంతర్యుద్ధం నుంచి పారిపోయి వచ్చినవాళ్ళు, జర్మనీ నుంచి తరిమేసిన యూదులు, అందరూ ముళ్ళకంచెల వెనక. ట్రోక్మే అక్కడికి వెళ్ళి పనిచేద్దామనుకుని క్వేకర్లతో, అంటే యుద్ధాన్ని ఒప్పుకోని ఒక క్రైస్తవ శాఖ వాళ్ళతో, మాట్లాడాడు. క్యాంపుల్లో పనిచేసేవాళ్ళు మాకు ఉన్నారు, అక్కడి నుంచి పిల్లల్ని బయటికి తేగలం, కానీ తెచ్చాక ఉంచుకునే ఊరే దొరకట్లేదు, మీ ఊరు తీసుకుంటుందా అని వాళ్ళు అడిగారు. అదీ అసలు అవసరం. డబ్బు క్వేకర్ల నుంచి, స్విస్ రెడ్‌క్రాస్ మనుషుల నుంచి, సిమాద్ అనే ప్రొటెస్టెంట్ సంస్థ నుంచి, ఇంకా చాలా చోట్ల నుంచి వచ్చింది. ఊరు ఇచ్చింది ఇళ్ళు, బడి.

1941లో ల గెస్పీ అనే ఇల్లు తెరిచారు, తర్వాత అలాంటివి ఇంకొన్ని. ల గెస్పీని నడిపింది జూలియెట్ ఉసాక్ అనే డాక్టరమ్మ. ఆవిడ స్వయంగా స్పెయిన్ నుంచి వచ్చిన శరణార్థి. శరణార్థి పిల్లల ఇంటికి శరణార్థినే పెద్దగా పెట్టారు, ఈ సంగతి దగ్గర నేను మీటింగులో గొంతు పెంచాను. ఎందుకంటే మా దగ్గర డిస్కషన్ మొత్తం "మనం వాళ్ళకి ఏం చేద్దాం" అనే. వాళ్ళల్లో ఎవరికి ఏం వచ్చో ఒక్కరూ అడగలేదు.

ఈ పిల్లలు పగలు ఊళ్ళో బడికి వెళ్ళేవాళ్ళు, చిన్నవాళ్ళు ప్రభుత్వ బడికి, పెద్దవాళ్ళు సెవెనోల్ స్కూల్‌కి. హోంవర్క్, పరీక్షలు, మార్కులు, అన్నీ మామూలే. ల గెస్పీలో ఉండి ఆ స్కూల్లో చదివిన ఒక అబ్బాయి అలెగ్జాండర్ గ్రోతెన్‌డీక్. 1928లో బెర్లిన్‌లో పుట్టాడు, తల్లితో పాటు క్యాంపులో ఉన్నాడు, తండ్రిని 1942లో ఆష్విట్జ్ అనే నాజీల మృత్యు శిబిరానికి పంపితే అక్కడే పోయాడు. ఈ పిల్లాడికి ఏ దేశ పౌరసత్వమూ లేదు. పోలీసులు వస్తున్నారని తెలిస్తే చిన్న చిన్న గుంపులుగా అడవిలోకి పోయి ఒక రాత్రో రెండు రాత్రులో దాక్కునేవాళ్ళమని తర్వాత ఆయనే రాసుకున్నాడు. మళ్ళీ వచ్చి క్లాసులో కూర్చునేవాడు. ఆ స్కూల్ నుంచే బకలోరియా, అంటే ఫ్రాన్స్‌లో స్కూల్ చివరి పరీక్ష, పాసయ్యాడు, 1966లో లెక్కల్లో అన్నిటికంటే పెద్ద బహుమతుల్లో ఒకటైన ఫీల్డ్స్ మెడల్ వచ్చింది, ఇరవయ్యో శతాబ్దపు గొప్ప గణిత శాస్త్రవేత్తల్లో ఒకడు. అందరు శరణార్థి పిల్లలూ గ్రోతెన్‌డీక్‌లు అవుతారని చెప్పట్లేదు బాబూ, అవ్వకపోయినా సీటు ఇవ్వాల్సిందే. నేను చెప్పేది ఏంటంటే, అడవిలో దాక్కుని వచ్చిన పిల్లాడికి ఆ స్కూల్ జాలి చూపించి వదిలెయ్యలేదు, లెక్కల పరీక్ష పెట్టింది.

ఇక టీచర్ల సంగతి. నా దృష్టిలో అసలు పాయింట్ ఇదే. 1940 అక్టోబర్‌లో విషీ ప్రభుత్వం, అంటే లొంగిపోయాక జర్మనీతో చేతులు కలిపిన ఫ్రాన్స్ ప్రభుత్వం, యూదులు బడుల్లో చదువు చెప్పకూడదని చట్టం చేసింది. పెద్ద పెద్ద చదువులు చదివినవాళ్ళు రోడ్డున పడ్డారు. సెవెనోల్ స్కూల్‌కి పిల్లలు పెరుగుతున్నారు, టీచర్లు కావాలి, వీళ్ళని తీసుకున్నారు. పారిపోయి వచ్చినవాళ్ళే జర్మన్ చెప్పారు, సైన్సు చెప్పారు. కొన్నేళ్ళలో పిల్లల సంఖ్య వందల్లోకి వెళ్ళిందంటే ఈ టీచర్ల వల్లే సాధ్యమైంది. అంటే శరణార్థులు స్కూల్ మీద పడిన బరువు అని లెక్క వేస్తే లెక్క తప్పుతుంది, ఆ స్కూల్ స్కూల్ అయిందే వాళ్ళతో. 

ఇంత జరుగుతుంటే కాయితాలు ఎలా అని మీకు డౌట్ వచ్చుంటుంది. దొంగ కాయితాలే. ఆస్కార్ రొసోవ్‌స్కీ అనే కుర్రాడు, తనూ యూదు శరణార్థే, ఇరవై ఏళ్ళు కూడా లేవు, ఆ చుట్టుపక్కల ఒక పల్లెలో కూర్చుని ఐడెంటిటీ కార్డులూ రేషన్ కార్డులూ తయారు చేసేవాడు. రేషన్ కార్డు లేకపోతే తిండి లేదు, అందుకని ఇది పక్కన పెట్టగలిగే పని కాదు. అబద్ధం చెప్పొచ్చా అని పాస్టర్లకి నిజంగానే మనసులో గొడవ ఉండేది, టైస్, ట్రోక్మే ఇద్దరికీ అది నచ్చేది కాదు, కానీ పిల్లల పేర్లు అప్పగించడం అంతకంటే నచ్చేది కాదు.

1942 జులైలో పారిస్‌లో వేల మంది యూదుల్ని పట్టుకుని స్టేడియంలో కుక్కారు కదా, ఆ తర్వాత ఆగస్టులో విషీ ప్రభుత్వ యువజన వ్యవహారాల సెక్రటరీ జనరల్ జార్జ్ లామిరాన్ ఆ ఊరికి విజిట్‌కి వచ్చాడు. పెద్ద క్లాసుల స్టూడెంట్స్ వెళ్ళి ఆయన చేతిలో ఒక లెటర్ పెట్టారు. పారిస్‌లో జరిగింది మాకు తెలిసింది, మా మధ్య యూదులు ఉన్నారు, యూదులు వేరు యూదులు కానివాళ్ళు వేరు అని మేము చూడం, అది సువార్తకి విరుద్ధం, వాళ్ళని అప్పగించమంటే మేము దాచిపెడతాం, ఇదీ దాని సారాంశం. ఆ నెలాఖరుకే పోలీసులు బస్సులు వేసుకుని వచ్చారు, జాబితా ఇవ్వమన్నారు, ట్రోక్మే ఇవ్వనన్నాడు. ఇళ్ళూ కొట్టాలూ వెతికారు, ఖాళీ బస్సులతో తిరిగినట్టే తిరిగారు. స్టూడెంట్స్ ఇలా లెటర్ రాస్తే ఇప్పటి స్కూల్ మేనేజ్‌మెంట్ ఏం చేస్తుందో నేను రాయను.

ఇదంతా సుఖాంతం అనుకోకండి. 1943 ఫిబ్రవరిలో ట్రోక్మేని, టైస్‌ని, ప్రభుత్వ మగపిల్లల బడి హెడ్‌మాస్టర్ రోజే దార్సిసాక్‌ని అరెస్ట్ చేసి క్యాంపులో పెట్టారు, నెల రోజుల తర్వాత వదిలారు. ఆ ఏడాది జూన్ 29న గెస్టపో వాళ్ళు, అంటే నాజీల రహస్య పోలీసులు, పెద్ద స్టూడెంట్స్ ఉండే మేజోన్ దే రోష్ అనే హాస్టల్ మీద పడి 18 మందిని, వాళ్ళతో పాటు హాస్టల్ నడిపే డేనియల్ ట్రోక్మేని, పాస్టర్ ఆంద్రే బంధువుని, పట్టుకుపోయారు. మాగ్డా పరిగెత్తుకుంటూ వెళ్ళింది, ఒక స్పెయిన్ కుర్రాడు అంతకుముందు నదిలో మునిగిపోతున్న జర్మన్ సైనికుణ్ణి కాపాడాడు, ఆ సంగతి చెప్పించి వాణ్ణొక్కణ్ణి విడిపించగలిగింది. డేనియల్‌ది తప్పించుకునే అవకాశం ఉన్న పరిస్థితే, పిల్లల్ని వదిలి వెళ్ళలేదు. 1944లో మైదానెక్ క్యాంపులో చనిపోయాడు.

అమెరికాలోని హోలోకాస్ట్ (నాజీలు చేసిన యూదుల ఊచకోత) మ్యూజియం లెక్క ప్రకారం ఆ ఊరూ చుట్టుపక్కల పల్లెలూ కలిపి సుమారు 5,000 మందికి ఆశ్రయం ఇచ్చాయి, అందులో 3,000 నుంచి 3,500 మంది యూదులు. ఈ లెక్క మీద చరిత్రకారుల మధ్య వాదన ఉంది, ఇంకా తక్కువ అనేవాళ్ళు ఉన్నారు. 1990లో ఆ ఊచకోత జ్ఞాపకాల్ని కాపాడే ఇజ్రాయెల్ సంస్థ యాద్ వాషెం ఊరు మొత్తాన్ని గౌరవించింది. పిల్లల మతం మార్చాలని చూడలేదని అక్కడ బతికి బయటపడిన యూదులే చెప్పుకొచ్చారు. నాకు ఆ 5,000 కంటే ఈ మాట బరువుగా అనిపిస్తుంది, ఎందుకంటే ఆకలితో ఉన్న పిల్లాడి చేతిలో రొట్టె పెడుతూ మతం గురించి ఒక మాట అంటే ఆ పిల్లాడు కాదనలేడు, ఆ సంగతి పెట్టేవాళ్ళకి తెలుసు.

సరే, మా స్కూల్ దగ్గరికి వద్దాం.

అడ్మిషన్ ఫారంలో సగం గళ్ళు వాళ్ళు నింపలేరు. పాత స్కూల్ టీసీ, బర్త్ సర్టిఫికెట్, పర్మనెంట్ అడ్రస్. ఆ స్కూలే ఇప్పుడు లేదు, టీసీ ఎవరిస్తారు? 1951 శరణార్థుల ఒప్పందంలో 22వ ఆర్టికల్ చదివితే ప్రాథమిక విద్యలో శరణార్థి పిల్లల్ని సొంత పౌరుల పిల్లలతో సమానంగా చూడాలని ఉంటుంది, పై చదువుల్లో కూడా విదేశీ సర్టిఫికెట్లు గుర్తించడం, ఫీజులు తగ్గించడం లాంటివి మిగతా విదేశీయులకంటే తక్కువ కాకుండా చెయ్యాలని ఉంటుంది. డెబ్బై ఏళ్ళ కిందటే ఎవరో కూర్చుని ఈ టీసీ సమస్య గురించి ఆలోచించారన్నమాట. ప్రిన్సిపల్ సిస్టర్ గారు ఎక్కువ వాదన పెట్టుకోలేదు, ఫారం పక్కన పెట్టి పిల్లల్నే కూర్చోబెట్టుకుని ఏం వచ్చో చూశారు, లెక్కలు భాష లేకుండా కూడా చెయ్యొచ్చు కదా. ఏ క్లాసులో వెయ్యాలన్న దగ్గర మాత్రం పెద్ద రభస. భాష రాదు కాబట్టి పదమూడేళ్ళ అమ్మాయిని నాలుగో తరగతిలో కూర్చోబెడదాం అన్నారు కొందరు టీచర్లు. ఆ వయసు పిల్లని చిన్నపిల్లల బెంచీ మీద కూర్చోబెడితే వారం తిరక్కుండా బడి మానేస్తుందని సిస్టర్ గారు ఒప్పుకోలేదు. వయసుకి తగ్గ క్లాసు, భాష కోసం రోజూ ఒక పీరియడ్ విడిగా. కష్టంగా ఉంది, ఇప్పటికీ కష్టంగానే ఉంది, కానీ ఆ అమ్మాయి వస్తోంది.

ఇంకో విషయం ఎవరూ ముందు ఊహించలేదు. పిల్లలు భాష తొందరగా పట్టేస్తారు, తల్లిదండ్రులు పట్టలేరు, దాంతో పేరెంట్స్ మీటింగులో, హాస్పిటల్లో, ఆఫీసుల్లో అన్ని చోట్లా పిల్లలే అనువాదకులు అయిపోతారు. అమ్మ రిపోర్టులో ఏముందో డాక్టర్ పదేళ్ళ పిల్లాడితో చెప్పిస్తాడు. ఇంటి అద్దె కట్టకపోతే ఏమవుతుందో ఓనర్ పిల్లాడితోనే చెప్పిస్తాడు. వాడు మర్నాడు క్లాసులో డెస్క్ మీద తల పెట్టి పడుకుంటే టీచర్ బద్ధకం అని రాస్తుంది. అందుకని స్కూల్ ఒక రూల్ పెట్టింది, ఇంటి విషయాలు పిల్లలతో చెప్పించొద్దు, పెద్దవాళ్ళు ఎవరైనా ఉండాలి, ఫోన్‌లో అయినా సరే. ఇది ఖర్చు లేని సాయం, నన్నడిగితే పాత బట్టల మూటలు పది కలిపినా దీనికి సరిపోవు.

బడిలో గంటలూ అలారంలూ కూడా అలాంటిదే, పారిపోయి వచ్చిన పిల్లలు ఆ చప్పుడుకి హడలిపోతారు. ఫైర్ డ్రిల్ ఉంటే ఆ పిల్లలకీ వాళ్ళ ఇళ్ళకీ ముందు రోజే చెప్తున్నారు.

ప్రేయర్ సంగతి దగ్గర కమిటీ రెండుగా చీలింది. వచ్చిన కుటుంబాల్లో కొందరు క్రైస్తవులు, కొందరు కాదు. మన స్కూలు, మన పద్ధతి, అసెంబ్లీలో అందరూ ప్రార్థనలో ఉండాల్సిందే అని కొందరు. నిలబడమందాం, చేతులు జోడించమని బలవంతపెట్టొద్దు, వాళ్ళ పండగ రోజు సెలవిద్దాం అని కొందరు. పాస్టర్ గారు రెండో వైపు నిలబడ్డారు, సువార్త చెప్పే హక్కు మనకుంది, అప్పు వసూలు చేసినట్టు చెప్పే హక్కు లేదు అన్నారు. అంతకుమించి నేను చెప్పక్కర్లేదు, కొంతమందికి ఇప్పటికీ కోపంగానే ఉంది.

ఫోటోల గొడవ నాది. సాయం చేసిన ప్రతిసారీ పిల్లల్ని వరసగా నిలబెట్టి, బ్యాగులు చేతికిచ్చి, వెనక బ్యానర్ కట్టి ఫోటో తీసి గ్రూపులో పెట్టడం. వాళ్ళు ఎవరి నుంచో పారిపోయి వచ్చారు, వాళ్ళ బంధువులు ఇంకా అక్కడే ఉన్నారు, ఆ ఫోటో ఎక్కడికి చేరుతుందో ఎవరికి తెలుసు? అది ఒకటి. రెండోది, అదే పిల్లాడు రేపు క్లాసులో ఫ్రెండ్స్ మధ్య కూర్చోవాలి, వాళ్ళందరి అమ్మానాన్నల ఫోన్లలో వీడు బ్యాగు తీసుకుంటున్న ఫోటో ఉంటుంది. ఫీజు కట్టేవాళ్ళు ఎవరో ఆ కుటుంబానికి తెలియకూడదు, ఏ పిల్లల ఫీజు కడుతున్నారో కట్టేవాళ్ళకీ తెలియకూడదు, డబ్బు ఆఫీసులో ఇచ్చెయ్యడమే, ఈ పద్ధతి పెట్టించడానికి నా బీపీ పెరిగింది. ఒకరిద్దరు దాతలు అలా అయితే ఇవ్వం అని వెళ్ళిపోయారు. వెళ్ళనీ.

అయితే ల షాంబోన్ కథలోంచి నేను నిజంగా పట్టుకున్న ముక్క, టీచర్ల ముక్క, అది అమలు కావడానికే ఎక్కువ టైం పట్టింది. వచ్చిన తల్లుల్లో ఒకావిడ వాళ్ళ దేశంలో హైస్కూల్లో లెక్కల టీచర్. ఇక్కడ ఆవిడ సర్టిఫికెట్ చెల్లదు, టీచర్‌గా పెట్టుకునే వీల్లేదు. ఆయా పోస్టు ఉంది ఇవ్వమంటారా అని ఆఫీసు నుంచి అడిగారు, మంచి మనసుతోనే అడిగారు. ఆవిడ దానికీ సరే అనేదేమో, అవసరం అలాంటిది. చివరికి సాయంత్రం ట్యూషన్ క్లాస్ ఆవిడకి ఇచ్చారు, జీతం ఇచ్చే పనిగానే, కేవలం శరణార్థి పిల్లలకే కాకుండా లెక్కల్లో వెనకబడ్డ ఎవరికైనా. మొదట ఇద్దరు ముగ్గురే పంపారు. ఆ తర్వాత ఫలానా వాళ్ళబ్బాయికి మార్కులు పెరిగాయని తెలిసింది, ఇక చూడండి, రిలీఫ్ క్యాంపు కాదు అన్న పెద్దాయన కూతురు కూడా ఇప్పుడు ఆవిడ దగ్గరే. ఆవిడ పిల్లలు స్కూల్ గేటులో నడిచే పద్ధతి మారింది, మేడం గారి పిల్లలు కదా ఇప్పుడు.

పెడ్రో అరూపే అని జెసూట్ల (కాథలిక్ ఫాదర్ల ఒక సంఘం) సుపీరియర్ జనరల్, అంటే వాళ్ళందరికీ పెద్ద, ఒకాయన ఉండేవాడు. వియత్నాం నుంచి పడవల్లో పారిపోతున్న జనాన్ని చూసి 1980 నవంబర్‌లో జెసూట్ రెఫ్యూజీ సర్వీస్ పెట్టాడు. ఆ సంస్థ తన పని గురించి చెప్పేటప్పుడు మూడు మాటలు చెప్తుంది, తోడుగా నడవడం, సేవ చెయ్యడం, వాళ్ళ తరఫున మాట్లాడటం. తోడు ముందు, సేవ తర్వాత. అది ఊరికే అలా రాయలేదని నాకనిపిస్తుంది, సేవ ఒక్కటే అయితే ఇచ్చే చెయ్యి ఎప్పుడూ పైనే ఉంటుంది.

ఇప్పుడు మా ముందున్న తలనొప్పి పెద్ద పిల్లలది. ఐక్యరాజ్య సమితి శరణార్థి సంస్థ 2023లో ఇచ్చిన రిపోర్టులో బడి వయసు శరణార్థి పిల్లలు 1.48 కోట్ల మంది ఉంటే వాళ్ళలో సగానికి పైగా బడి బయటే ఉన్నారని ఉంది. చిన్న క్లాసుల్లో పరిస్థితి కొంత నయం, హైస్కూల్ దగ్గరికి వచ్చేసరికి ఒక్కసారిగా పడిపోతుంది, ఆ పైన డిగ్రీ అయితే ఆ రిపోర్టు లెక్కలో నూటికి ఏడుగురు. మేము మా కళ్ళముందే చూస్తున్నాం అది. చిన్నపిల్లలకి బ్యాగులివ్వడానికి అందరూ రెడీ, ముద్దుగా ఉంటారు కదా. పదహారేళ్ళ కుర్రాడు, మీసాలు వస్తున్నాయి, పని దొరికితే ఇంటికి నాలుగు డబ్బులు తేగలడు, తండ్రి లేడు, వాణ్ణి బడిలో ఉంచాలంటే వాడి ఇంటికి ఆ నాలుగు డబ్బులు ఎక్కడినుంచో రావాలి. ఫీజు మాఫీ చేస్తే సరిపోదు. ఈ లెక్క కమిటీకి ఎక్కించడానికి ఇంకా టైం పట్టేలా ఉంది. ప్రస్తుతానికి చర్చి ఫండ్ నుంచి రెండు కుటుంబాలకి నెలనెలా కొంత వెళ్తోంది, వచ్చే ఏడాది మాట ఎవరూ ఎత్తట్లేదు.

దానికి తోడు బోర్డు పరీక్షల రిజిస్ట్రేషన్ వచ్చి పడింది. స్కూల్ లోపల సిస్టర్ గారు ఫారం పక్కన పెట్టగలిగారు కానీ బోర్డు ఆఫీసు పెట్టదు, పుట్టిన తేదీకి ఆధారం లేకుండా హాల్ టికెట్ రాదంటున్నారు. శరణార్థి సంస్థ ఇచ్చిన కార్డు మీద పుట్టిన తేదీ ఉంది, అది చెల్లుతుందని ఒక గుమాస్తా, చెల్లదని పక్క టేబుల్ ఆయన. రాతపూర్వకంగా ఇవ్వమని అడిగితే ఇద్దరూ ఇవ్వరు. సోమవారం నేనూ లెక్కల మేడం గారూ మళ్ళీ వెళ్తున్నాం, ఈసారి 22వ ఆర్టికల్ ప్రింటవుట్ తీసుకుని, పెద్దాయన కూడా వస్తానన్నాడు, బోర్డు ఆఫీసులో ఆయనకి ఎవరో తెలుసట.